ప్లాన్ మార్చే ముందు పెట్టె చూడండి

నెట్ నెమ్మదిగా ఉందని ఆపరేటర్‌కి ఫోన్ చేస్తారు. "వంద ఎంబీపీఎస్ చాలట్లేదేమో సార్, రెండొందల ప్లాన్ వేసుకోండి" అంటాడు. వేసుకుంటారు. బిల్లు పెరుగుతుంది. పడగ్గదిలో వీడియో కాల్ మాత్రం నిన్నటిలాగే బిగుసుకుపోతుంది. మరి ఆ కొత్త వంద ఎక్కడికి పోయినట్టు?

ఎక్కడికీ పోలేదు. మీ హాల్లో టీవీ వెనకున్న తెల్ల పెట్టె దాకా బుద్ధిగానే వచ్చింది. అక్కడి నుంచి పడగ్గదికి దారి లేక ఆగింది. మిద్దె మీద ఎంత పెద్ద ట్యాంకు కట్టించినా సన్న గొట్టంలో ధార పెరగదు కదా!

అసలు మీకు ఎంత కావాలో ఒకసారి లెక్క వేయండి. హెచ్‌డీ సినిమాకి 5 ఎంబీపీఎస్, 4కె సినిమాకి 15 చాలని నెట్‌ఫ్లిక్స్ వాళ్లే చెబుతారు. జూమ్‌లో నిండు హెచ్‌డీ మీటింగ్‌కి కూడా 4 లోపే. అంటే ఒక గదిలో ఆఫీసు మీటింగ్, ఇంకో గదిలో పిల్లల ఆన్‌లైన్ క్లాసు, హాల్లో 4కె సినిమా, వంటింట్లో ఫోన్‌లో పాటలు, ఇవన్నీ ఒకేసారి నడిచినా 30 దాటదు. వంద ఎంబీపీఎస్ ఉన్న ఇంట్లో బొమ్మ ఆగిపోతోందంటే దోషం ప్లాన్‌లో ఉండటం అరుదు. తీగలోనో, పెట్టెలోనో, ఆ పెట్టె పెట్టిన చోటులోనో ఉంటుంది. అందుకే డబ్బు పెట్టాల్సి వస్తే ముందు ఇంటి లోపలి చివరి పది మీటర్ల మీద పెట్టండి, నెలనెలా కట్టే ప్లాన్ మీద కాదు. దీనికి ఇంజనీరింగ్ చదవక్కర్లేదు. నాలుగు వస్తువుల పేర్లు, వాటి పనులు తెలిస్తే చాలు.

స్తంభం నుంచి గోడ దాకా

మీ వీధిలో స్తంభానికి చిన్న డబ్బా ఒకటి బిగించి ఉంటుంది. అందులో ఉండేది స్ప్లిట్టర్. ఒక ఫైబర్‌లో వచ్చే వెలుగును ఎనిమిది ఇళ్లకో పదహారు ఇళ్లకో పంచుతుంది. దానికి కరెంటు అక్కర్లేదు. అక్కడి నుంచి మీ ఇంటికి వచ్చే నల్లటి సన్న తీగ డ్రాప్ వైర్. ఇంట్లోకి వచ్చాక దాని కొస ఒక పెట్టెకి తగులుతుంది. దాని అసలు పేరు ఓఎన్‌టీ, కొందరు ఓఎన్‌యూ అంటారు. మనం మోడెమ్ అంటాం, నెట్ బాక్స్ అంటాం. ఏమన్నా ఫర్వాలేదు.

ఈ పెట్టె తీగలో వచ్చిన వెలుగును మన ఫోన్లకీ కంప్యూటర్లకీ అర్థమయ్యే సంకేతంగా మారుస్తుంది. ఇప్పుడు ఇస్తున్నవాటిలో చాలావాటికి వైఫై రౌటర్ కూడా లోపలే ఉంటుంది. అంటే ఒక్క పెట్టె రెండు ఉద్యోగాలు చేస్తోంది: బయటి నుంచి తేవడం ఒకటి, ఇల్లంతా పంచడం ఒకటి. ఈ తేడా ఒక్కటి గట్టిగా గుర్తుంచుకోండి. తేవడంలో లోపం ఉంటే బాగుచేయాల్సింది ఆపరేటర్. పంచడంలో లోపం ఉంటే చాలావరకు మీరే చూసుకోవాలి. "లైన్ బాగానే ఉందండీ" అని వాళ్లు, "నెట్ రావట్లేదయ్యా" అని మీరు వాదించుకునే రోజున ఇద్దరి మాటా నిజమే కావచ్చు.

కొన్ని ఇళ్లలో దీనికి తోడు ఇంకో పెట్టె ఉంటుంది. 2017 డిసెంబరులో అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ చేతుల మీదుగా మొదలైన ఏపీ ఫైబర్‌నెట్‌నే తీసుకోండి. కరెంటు స్తంభాల మీదుగా ఫైబర్ లాగి, నెలకు 149 రూపాయల ప్లాన్‌లో నెట్, ఫోన్, టీవీ మూడూ ఇస్తామని వచ్చింది. అక్కడ టీవీ చానళ్లు కూడా నెట్ ద్వారానే వస్తాయి కాబట్టి టీవీ దగ్గర సెట్‌టాప్ బాక్స్ వేరే ఉంటుంది. మామూలు కేబుల్ ఆపరేటర్లలో కొందరు ఓఎన్‌టీకే పాత కేబుల్ టీవీ పిన్ను పెట్టే చోటు ఉన్న రకం ఇస్తారు. మీ పెట్టె వెనక్కి తిప్పి ఎన్ని కన్నాలున్నాయో, ఏది దేనికో ఓసారి చూడండి. చూస్తే ఏమీ పాడవదు.

ఇక పనిలోకి దిగుదాం.

1. దీపాలు చదవడం నేర్చుకోండి

పవర్ దీపం సంగతి అందరికీ తెలుసు. మీరు చూడాల్సినవి రెండు: పాన్, లాస్. పాన్ నిలకడగా పచ్చగా వెలుగుతుంటే ఆపరేటర్ యంత్రంతో మీ పెట్టె మాట కలిసినట్టు. కొట్టుకుంటూ ఉంటే కలవడానికి ప్రయత్నిస్తోందన్నమాట. లాస్ దగ్గర ఎర్ర దీపం కొట్టుకుంటోందంటే తీగలో వెలుగే రావట్లేదు.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు చూడండి. ఎర్ర లైటు రాగానే పెట్టెను పదిసార్లు ఆపి వేస్తారు. పిన్నుతో రీసెట్ బొత్తాం నొక్కేస్తారు. తీగ తెగితే రీసెట్ ఏం చేస్తుంది? పైగా లోపలున్న యూజర్ నేమ్, పాస్‌వర్డ్ అన్నీ చెరిగిపోయి, తీగ అతికాక కూడా నెట్ రాదు. ఎర్ర లైటు ఉంటే చేయాల్సింది ఒక్కటే, ఫోన్. చేసినప్పుడు "నెట్ రావట్లేదు" అనకండి. "లాస్ లైటు ఎర్రగా కొట్టుకుంటోంది" అనండి. అప్పుడు వచ్చే మనిషి తీగ అతికే సరంజామాతో వస్తాడు. లేకపోతే ఉత్త చేతులతో వచ్చి, చూసి, మళ్లీ వస్తానంటాడు.

పాన్ పచ్చగానే ఉండి నెట్ లేకపోతే? ముందు రీచార్జ్ తేదీ చూసుకోండి. నవ్వకండి, తరచుగా అదే.

2. "పవర్ ఎంతుంది బాబూ?" అని అడగండి

ఈ ఒక్క ప్రశ్నతో లైన్‌మన్ మిమ్మల్ని చూసే తీరు మారిపోతుంది. అతని దగ్గర అరచేతిలో పట్టే పవర్ మీటర్ ఉంటుంది. తీగ కొసను అందులో పెడితే మైనస్ అంకె ఒకటి చూపిస్తుంది. అది వెలుగు బలం, డీబీఎంలలో.

మామూలుగా ఇళ్లకిచ్చే జీపాన్ అనే రకం పెట్టెలకి ఆ అంకె మైనస్ 8కీ మైనస్ 27కీ మధ్య ఉండాలి. మైనస్ 18, 20 ఉంటే హాయి. మైనస్ 25, 26 అంటే ఇవాళ పనిచేస్తుంది, రేపు అతుకు దగ్గర కాస్త తేమ చేరితే ఆగుతుంది. వానాకాలంలో మాత్రమే నెట్ పోయే ఇళ్లలో ఒకసారి ఈ అంకె అడిగి చూడండి. ఒక్క సంగతి: ఈ లెక్కలో మూడు తగ్గితే వెలుగు సగమైనట్టు. మైనస్ 19 ఉన్నది మైనస్ 25 అయిందంటే ఏదో ఆరు మార్కులు తగ్గినట్టు కాదు, వచ్చే వెలుగు నాలుగో వంతుకి పడిపోయింది.

"ఆ, వస్తోంది కదండీ, సరిపోద్ది" అని అతను మీటర్ జేబులో పెట్టుకోబోతే, "ఒక్కసారి అంకె చెప్పు నాయనా, రాసుకుంటాను" అనండి. కనెక్షన్ ఇచ్చిన రోజు అంకె తేదీతో సహా పెట్టె అడుగున అంటించి ఉంచండి. ఏడాది తర్వాత నెట్ ఆగి ఆగి వస్తుంటే మళ్లీ కొలిపించండి. రెండు అంకెలూ పక్కపక్కన పెడితే ఇక వాదన ఉండదు. చాలా పెట్టెల సెట్టింగుల పేజీలో కూడా ఈ అంకె కనిపిస్తుంది. ఆర్‌ఎక్స్ పవర్ అని ఉంటుంది.

3. పచ్చ మూతి, నల్ల తీగ

పెట్టెకి తగిలే ఫైబర్ పిన్ను ఆకుపచ్చగానో నీలంగానో ఉంటుంది. ఆ రంగు అందానికి కాదు. పచ్చదాని గాజు కొసను 8 డిగ్రీల వాలుగా అరగదీస్తారు. నీలందాని కొస వాలు లేకుండా ఉంటుంది. పచ్చదాన్ని పచ్చదానికే, నీలందాన్ని నీలందానికే తగిలించాలి. కలిపి బిగిస్తే సరిగ్గా అతకక వెలుగు కారిపోతుంది. కొసలు కూడా దెబ్బతినవచ్చు. ఇల్లు సర్దుతూ పాత ప్యాచ్ కార్డ్ ఏదో దొరికిందని తగిలించకండి.

కొసను వేలితో తాకకూడదు, నోటితో ఊదకూడదు. కంటికి దగ్గరగా పెట్టి "వెలుగు వస్తోందా" అని అసలే చూడకూడదు. అందులో వచ్చేది కంటికి కనపడని కిరణం. కనపడదు కాబట్టి రావట్లేదనుకుంటాం, ప్రమాదమంతా అక్కడే.

తీగను ఎక్కడా పదునుగా వంచవద్దు. తలుపు సందులోంచి తెచ్చి రోజూ తలుపుతో నొక్కడం, మిగిలిన తీగను మేకుకి బిగించి చుట్టడం, దాని మీద మేకుల క్లిప్పు సుత్తితో కొట్టడం, ఇవన్నీ లోపలి గాజును చంపే పనులే. మిగులు తీగ ఉంటే పళ్లెమంత వెడల్పు చుట్టగా చుట్టి వదులుగా వేలాడదీయండి. కోతులున్న ఊళ్లలో డాబా మీదుగా తీగ లాగనివ్వకండి. గోడ వెంట పైపులో దింపించండి. పైపు డబ్బులు మీరే పెట్టుకున్నా నష్టం లేదు.

4. ల్యాన్ తీగతో ఒక పరీక్ష

ఈ సూచనల్లో ఒక్క పని మాత్రమే చేస్తాను అనుకునేవారికి ఇదే చెబుతాను.

లాప్‌టాప్‌ని ల్యాన్ తీగతో నేరుగా పెట్టెకి తగిలించండి. లాప్‌టాప్‌లో వైఫై ఆపేయండి. ఇంట్లో మిగతా ఫోన్ల వైఫై కూడా ఐదు నిమిషాలు ఆపించండి. అప్పుడు స్పీడ్ టెస్ట్ చేయండి. ప్లాన్‌లో చెప్పినంత వస్తోందా? అయితే ఆపరేటర్ మీద కోపం దించుకోండి. లోపం మీ వైఫైలో ఉంది, అయిదో సూచనకి వెళ్లండి. రాలేదా? ఆ ఫలితం ఫోటో తీసి పంపండి. వైఫైలో తీసిన ఫోటో పంపితే "వైఫైలో అంతే వస్తుంది సార్" అని ఒక్క మాటతో తేల్చేస్తారు. తీగతో తీసింది పంపితే ఆ మాట అనలేరు.

ఈ పరీక్షలో ఒక విచిత్రమైన అంకె కనిపించవచ్చు: 94. ప్లాన్ రెండొందలు, మూడొందలు ఏదైనా సరే, ఎన్నిసార్లు చేసినా 93, 94 దగ్గరే ఆగుతుంది. అలా కనిపిస్తే దోషి దొరికినట్టే. ఎక్కడో వంద దాటనివ్వని అడ్డు ఉంది. అది మూడు చోట్ల ఉండొచ్చు. పెట్టె మీది ల్యాన్ కన్నం వందకే పరిమితమైనది కావచ్చు. కొన్ని పెట్టెలకి నాలుగు కన్నాలుంటే ఒక్కటే గిగాబిట్‌ది, దాని దగ్గర జీఈ అని రాసి ఉంటుంది. మిగతా మూడూ ఎఫ్‌ఈ, అంటే వందవి. తీగను జీఈకి మార్చి చూడండి. లేదా లాప్‌టాప్‌దే పాత కన్నం కావచ్చు. అదీ కాకపోతే తీగ. ల్యాన్ తీగలో ఎనిమిది సన్న తీగలుంటాయి. గిగాబిట్‌కి ఎనిమిదీ కావాలి. పిన్ను బిగించినప్పుడు ఒక్కటి సరిగ్గా కూర్చోకపోయినా వేగం వందకి దిగిపోవచ్చు, అప్పుడు నెట్ మాత్రం ఆగదు. ఆగదు కాబట్టే ఏళ్ల తరబడి ఎవరూ కనిపెట్టరు. రెండొందల ప్లాన్‌కి డబ్బు కట్టి వందే వాడుకుంటున్న ఇళ్లు ఇలాగే తయారవుతాయి.

కొత్త తీగ కొంటే క్యాట్ 5ఈ లేదా క్యాట్ 6 అని అడగండి. అచ్చమైన రాగిదే అడగండి. అల్యూమినియానికి రాగి పూత వేసినవి చవగ్గా దొరుకుతాయి. వాటిని గోడ లోపల వేయించుకుని తర్వాత గోడ పగలగొట్టుకోవద్దు.

ఇంకో చిన్న మాట. డౌన్‌లోడ్ చేసేటప్పుడు కంప్యూటర్ సెకనుకు 12 ఎంబీ అని చూపిస్తే మోసపోయామనుకోకండి. ప్లాన్ లెక్క బిట్లలో, ఫైలు లెక్క బైట్లలో. ఎనిమిది బిట్లు ఒక బైటు. వందని ఎనిమిదితో భాగించండి, పన్నెండున్నర.

5. పెట్టెకి మంచి చోటు ఇవ్వండి

మన ఇళ్లలో నెట్ పెట్టె ఎక్కడుంటుంది? తీగ ఏ కిటికీలోంచి వచ్చిందో ఆ కిటికీ పక్కన. లేదా షోకేసులో, టీవీ వెనక, గాజు బొమ్మల మధ్య. ఇంకొన్ని ఇళ్లలో అటక మీద అట్టపెట్టెల వెనక. చూడ్డానికి బాగుండదని దాచేస్తాం. వైఫైకి ఇనుము, అద్దం, నీళ్లు పడవు. స్టీలు బీరువా, ఫ్రిజ్, పెద్ద అద్దం, చేపల తొట్టి, వీటి వెనక పెట్టిన పెట్టె నుంచి అవతలి గదికి ఏం వెళుతుంది? తొమ్మిదంగుళాల ఇటుక గోడలు రెండు, ఇనుప చువ్వల స్లాబు ఒకటి దాటి పై అంతస్తుకి వెళ్లమంటే ఎలా వెళుతుంది?

పెట్టె ఇంటి నడిమధ్యన, తల ఎత్తున, బహిరంగంగా ఉండాలి. కనెక్షన్ ఇచ్చే రోజే ఈ మాట చెప్పాలి. "ఇక్కడైతే తీగ సరిపోద్దండీ" అని అతను కిటికీ దగ్గరే కూర్చుంటాడు. "ఇంకో పది మీటర్ల తీగ పడితే నేనిస్తాను, హాలు మధ్యకి తీసుకురా" అనండి. ఆ రోజు గడిచిపోతే పెట్టెను కదపడానికి మళ్లీ తీగ అతకాలి, మళ్లీ ఫోన్లు, మళ్లీ ఎదురుచూపులు.

తర్వాత వైఫై పేర్లు. మీ ఫోన్‌లో ఒకే పెట్టె పేరు రెండుసార్లు, ఒకదాని చివర 5జీ అని కనిపిస్తోందా? అది మొబైల్ 5జీ కాదు, 5 గిగాహెర్ట్జ్ వైఫై. వేగం ఎక్కువ, గోడలు దాటే శక్తి తక్కువ. రెండోది 2.4 గిగాహెర్ట్జ్. గోడలు బాగానే దాటుతుంది కానీ వేగం తక్కువ, మామూలు పెట్టెల్లో వంద దాటడం అరుదు. అపార్టుమెంటులో పై ఇంటి పెట్టె, కింది ఇంటి పెట్టె, ఎదురింటి పెట్టె అన్నీ దీని మీదే అరుచుకుంటుంటాయి. వంటింట్లో మైక్రోవేవ్ ఓవెన్ పనిచేసేది కూడా దాదాపు ఈ తరంగం దగ్గరే. పాలు వేడి చేసినప్పుడల్లా కాల్ తెగుతోందంటే కారణం అదే కావచ్చు.

హాల్లో టీవీని, పెట్టె ఉన్న గదిలోని లాప్‌టాప్‌ని 5కి కలపండి. దూరపు గదుల ఫోన్లు, సీసీ కెమెరాలు, స్మార్ట్ బల్బులు 2.4కి. కెమెరాలు, బల్బులు చాలావరకు 2.4 తప్ప మరోటి ఎరగవు. మీ పెట్టెలో 2.4 ఒక్కటే ఉంటే, వంద దాటిన ప్లాన్ తీసుకునే ముందు "డ్యూయల్ బ్యాండ్ పెట్టె ఇస్తారా?" అని అడిగి, ఇస్తేనే తీసుకోండి.

కదలని వస్తువుకి వైఫై ఎందుకన్నది నా అభిప్రాయం. టీవీ కదలదు, ఆఫీసు బల్ల కదలదు. వాటికి ల్యాన్ తీగ వేయించేస్తే వైఫై మీద సగం బరువు తగ్గుతుంది. కొత్తిల్లు కడుతున్నారా? కరెంటు పైపులతో పాటు ప్రతి గదికీ ల్యాన్ కోసం విడిగా ఒక పైపు వేయించండి. కరెంటు తీగల పైపులోనే దూర్చనివ్వకండి.

6. రెండో పెట్టె అవసరమైతే

రెండు అంతస్తుల ఇంటికి ఒక్క పెట్టె చాలదు, అది ఒప్పుకోవాల్సిందే. అయితే చవగ్గా వస్తుందని ఎక్స్‌టెండర్ తెచ్చి, అసలు సిగ్నలే అందని గదిలో పెడతారు. దానికే అందనిది అది ఎవరికిస్తుంది? సిగ్నల్ ఇంకా బాగా అందే సగం దూరంలో పెట్టాలి. అప్పుడు కూడా మామూలు ఎక్స్‌టెండర్లు వేగాన్ని దాదాపు సగం మింగేస్తాయి. ఒకదానితో ఒకటి కలిసి పనిచేసే పెట్టెల జట్టు, అంటే మెష్ సెట్టు, మెరుగు. అన్నిటికంటే మేలైనది పై అంతస్తుకి ఒక ల్యాన్ తీగ లాగి, దాని చివర మామూలు రౌటర్‌ని యాక్సెస్ పాయింట్‌గా, అంటే వైఫై పంచడానికి మాత్రమే, పెట్టడం. చూడ్డానికి పాతకాలపు పద్ధతిలా ఉంటుంది, పని మాత్రం చేస్తుంది.

7. సొంతంగా ఓఎన్‌టీ కొనకండి

రౌటర్ కొనుక్కోండి, అది మీ ఇష్టం. ఓఎన్‌టీ మాత్రం ఆపరేటర్‌ని అడగకుండా ఆన్‌లైన్‌లో తెప్పించుకోవద్దు. జీపాన్, ఈపాన్ అని రెండు పద్ధతులున్నాయి. ఒక్క పద్ధతికే చేసిన పెట్టె ఇంకోదానికి పనికిరాదు. పద్ధతి కుదిరినా, మీ పెట్టె నంబరు ఆపరేటర్ యంత్రంలో నమోదైతేనే నెట్ వస్తుంది.

సొంత రౌటర్ పెడితే ఓఎన్‌టీని బ్రిడ్జ్ మోడ్‌లో, అంటే అది రౌటర్ పని చేయకుండా, పెట్టమని అడగండి. లేకపోతే రెండు పెట్టెలూ రౌటర్ పని చేస్తాయి. వీడియోలకి తేడా తెలియదు కానీ, ఆన్‌లైన్ ఆటలకీ కొన్ని కెమెరాలకీ ఇబ్బంది.

8. కరెంటు పోయినప్పుడు

పాత రాగి తీగల ల్యాండ్‌లైన్‌కి కరెంటు ఎక్స్ఛేంజి నుంచే వచ్చేది. ఇంట్లో చీకటైనా ఫోన్ మోగేది. ఫైబర్ మీద వచ్చే ల్యాండ్‌లైన్‌కి ఆ సౌకర్యం లేదు. పెట్టె ఆరిపోతే ఫోనూ పోతుంది. ఊళ్లో అమ్మానాన్నల దగ్గర ఆ ఫోనే ఆధారమైతే, పెట్టెకి బ్యాకప్ విలాసం కాదు.

ఇన్వర్టర్ ఉంటే పెట్టెను ఆ లైను మీదున్న ప్లగ్‌కి తగిలించండి. లేకపోతే రౌటర్ల కోసమే అమ్మే చిన్న యూపీఎస్ చాలు. కొనే ముందు మీ అడాప్టర్ మీద రాసింది చదవండి. ఎక్కువగా 12 వోల్టులు ఉంటుంది. వోల్టులు సరిగ్గా అంతే ఉండాలి. ఆంపియర్లు అంతకంటే ఎక్కువున్నా ఫర్వాలేదు, తక్కువ ఉండకూడదు. పిన్ను పట్టింది కదా అని ఏదో పాత అడాప్టర్ పెడితే పెట్టె కాలిపోవచ్చు, లేదా వెలుగుతూ ఆరుతూ మీ ప్రాణం తీయవచ్చు. ఉరుములు మొదలైతే ప్లగ్ తీసేయండి. గాజులో కరెంటు పారదు కానీ ప్లగ్ లోంచి వస్తుంది.

9. పాస్‌వర్డ్

రెండుంటాయి. వైఫైది ఒకటి, పెట్టె సెట్టింగులది ఒకటి. మొదటిది అందరూ మారుస్తారు, రెండోది ఎవరూ మార్చరు. రెండూ మార్చి, ఇంట్లో కాలెండర్ వెనక రాసి పెట్టండి. ఫోన్ నంబరే పాస్‌వర్డ్‌గా పెట్టొద్దు, మీ వీధిలో అందరికీ అది తెలుసు.

10. ఇల్లు మారేటప్పుడు

పెట్టె ఎవరిదో కనెక్షన్ తీసుకునే రోజే రాయించుకోవాలి. కొందరు అమ్ముతారు, కొందరు డిపాజిట్ తీసుకుని వాడుకోమంటారు. డిపాజిట్ పెట్టె అయితే అడాప్టర్‌తో సహా తిరిగివ్వాలి. అడాప్టర్ లేదని డిపాజిట్‌లో కోత పెడితే అడగడానికి ఏమీ ఉండదు. పెట్టె అడుగున ఉన్న సీరియల్ నంబరు కనపడేలా ఫోటో తీసుకోండి. తీసుకెళ్లే కుర్రాడిని రసీదు అడగండి. రసీదు పుస్తకం తేలేదంటే, ఆ ఫోటోని తేదీతో సహా అతని ఎదుటే ఆఫీసు నంబరుకి వాట్సాప్ చేసి, అటు నుంచి "అందింది" అని జవాబు వచ్చాకే పెట్టె చేతికివ్వండి.